చెప్పులు కుట్టినవారూ, దేవుని పిలుపూ

గత సంవత్సరం మా కళాశాలలో జాషువ మహాకవి 'గబ్బిలము' పాఠం చెప్పుతూ ఉండగా ఒక చిన్న సంఘటన జరిగినది. ఆ కావ్యనాయకుడు చెప్పులు కుట్టి బ్రతికే నిరుపేద. వాని సేవకు ఈ దేశమే అప్పుపడి ఉన్నదని కవి చెప్పిన చోట నేను కొంచెం ఆగి, శ్రమయొక్క పవిత్రతను గూర్చి ఉపాధ్యాయులందరూ చెప్పే నాలుగు మాటలే నేనూ చెప్పినాను. వెనుక బల్ల మీదనుంచి ఒంగోలు ప్రాంతపు విద్యార్థి ఒకడు లేచినాడు.

"మాస్టారూ, ఏ పని చేసినా అది దేవుని పిలుపు అనుకొని చెయ్యాలని మా గుళ్ళో అయ్యగారు కూడా చెప్తారండీ. మా తాత చచ్చిన గొడ్లను మోశాడు. అదీ దేవుని పిలుపేనంటారా?"

తరగతిలో ఎవరూ నవ్వలేదు. నేను జవాబు చెప్పలేదు. ఇంతలో గంట కొట్టినారు. ముప్పది ఏండ్ల ఉద్యోగంలో ఆ గంటకు అంత కృతజ్ఞుడనైన రోజు మరొకటి లేదు.

నేను క్రైస్తవుడను కాను. తెలుగు చెప్పుకొని బ్రతికేవాడిని. అయినను ఆ ప్రశ్న నన్ను విడువలేదు. అది ఒక్క మతానికి సంబంధించిన ప్రశ్న కాదనీ, జీతం తీసుకొని పని చేసే ప్రతి ఉపాధ్యాయుడూ తన్ను తాను అడుగవలసినదేననీ తోచినది. కొన్ని నెలలు చదివినాను. చదివిన కొద్దీ ఒక వింత కనబడినది. క్రైస్తవుల చరిత్రలో ఈ 'పిలుపు' అనే భావం వెంట నడిచిపోతే దారిపొడుగునా తోలుపని చేసేవారే ఎదురవుతారు.

మొదట మాట సంగతి. మనం 'వృత్తి' అంటాము. సంస్కృతంలో దానికి ఉనికి, నడవడి, జీవనోపాయం అని అర్థాలు; సూత్రానికి వ్రాసే వివరణ కూడా వృత్తియే. ఏ అర్థంలోనూ పిలిచేవాడు ఒకడున్నాడన్న సూచన లేదు. పాశ్చాత్యుల మాట వేరు. గ్రీకులోను, లాటినులోను ఈ సందర్భంలో వాడిన పదాలకు ధాత్వర్థం పిలుచుటయే. అయితే ఆ పిలుపు చాలాకాలం సన్న్యాసులకూ పురోహితులకూ మాత్రమే అందినట్లు లెక్క. పొలం దున్నేవానికీ, కుండ చేసేవానికీ ఉన్నది బ్రతుకుతెరువు మాత్రమే. సన్న్యాసులలోనైనా అందరూ చేతిపనిని నీచంగా చూడలేదు. ఆరవ శతాబ్దంలో బెనెడిక్టు మహనీయుడు తన మఠానికి ఏర్పరచిన నియమావళిలో వంటింటి పని అందరూ వారాల వంతున చేయవలెనన్నాడు. మఠంలోని చట్టినీ, గిన్నెనూ బలిపీఠం మీది పాత్రలంత భక్తితో చూచుకోవలెనని కోఠారిని ఆదేశించినాడు. కాని అది మఠం గోడల లోపలి మాట.

ఆ గోడలను పగులగొట్టినవాడు మార్టిన్ లూథరు. 1520లో జర్మను ప్రభువర్గాన్ని ఉద్దేశించి వ్రాసిన గ్రంథంలో, చెప్పులు కుట్టేవాడు, కమ్మరి, రైతు - ఎవరి పని వారికున్నా అందరూ సమానంగా అభిషిక్తులైన యాజకులేనని ఆయన వాదించినాడు. ఆయన తలచిన మొదటి పనివాడు చెప్పులు కుట్టేవాడే కావడం గమనింపదగినది. అటు తరువాత జర్మను భాషలో 'బెరూఫ్' అనే పదానికి దేవుని పిలుపు అనీ, చేసే ఉద్యోగం అనీ రెండర్థాలూ కలిసిపోయినవి. ఈనాడు జర్మనీలో ఎవరినైనా నీ ఉద్యోగమేమని అడిగితే, తెలియకుండానే నీకు వచ్చిన పిలుపేమని అడిగినట్లే.

లూథరుకు ఆధారం బైబిలులోనే ఉన్నది. పౌలు కొరింథులో అకుల, ప్రిస్కిల్ల దంపతుల ఇంట దిగి, వారిదీ తనదీ ఒకే వృత్తి గనుక వారితో కలిసి డేరాలు కుట్టినాడని అపొస్తలుల కార్యములలో ఉన్నది. అక్కడ వాడిన గ్రీకు పదానికి తోలుపనివాడని అర్థం చెప్పే పండితులు కూడా ఉన్నారు. ఆ కాలపు డేరాలలో తోలుతో చేసినవి అనేకం. అంతకంటె విశేషం పేతురు కథ. ఆయన యొప్పే పట్టణంలో సీమోను అనేవాని ఇంట చాలా రోజులు బస చేసినాడు. ఆ సీమోను తోళ్ళు ఊనేవాడు. కళేబరాలతో పని గనుక యూదులలో ఆ వృత్తికి మైల అంటగట్టినారు. మన తెలుగు బైబిలులో అతనిని 'చర్మకారుడు' అన్నారు. ఊరిలో వాడే మాట వాడకుండా అనువాదకులు సంస్కృతం చాటుకు ఎందుకు వెళ్ళినారో ఊహించుకోవచ్చును. ఏమైననేమి, దేవుడు పవిత్రం చేసినదానిని అపవిత్రమనరాదని పేతురుకు దర్శనం కలిగినది ఆ ఇంటి మిద్దె మీదనే. లందగుంటల వాసన మధ్య కలిగిన దర్శనం అది.

మన సాహిత్యం చదివినవారికి ఇది క్రొత్త కాదు. పాల్కురికి సోమనాథుని బసవపురాణంలో మాదార చెన్నయ్య కథ ఉన్నది. తోలుపని చేసుకొనే ఆ భక్తుని ఇంట శివుడు అంబలి త్రాగినాడు. కాయకాన్ని, అనగా ఒళ్ళు వంచి చేసే పనిని, శివపూజకు సమం చేసిన వీరశైవులు లూథరుకు మూడున్నర శతాబ్దాల ముందువారు.

ఇక పారిసు నగరంలోని వంటవాని మాట. లొరేను ప్రాంతంలో సుమారు 1614లో పుట్టిన నికొలా ఎర్మాన్ అనే పేదవాడు సైన్యంలో చేరి, గాయపడి, కుంటివాడై, చివరకు కార్మెలు మఠంలో సహోదరుడుగా చేరినాడు. లారెన్సు సహోదరుడని మఠంలో పేరు. చదువు లేదు గనుక వంటింట వేసినారు. వంటపని ఆయనకు స్వభావరీత్యా గిట్టనిది. ఈ ముక్క సాధారణంగా ఉపన్యాసాలలో చెప్పరు గాని నాకు ఇదే ముఖ్యమనిపించినది. ఇష్టమైన పనిని దైవసేవ అనుకోవడం సులభం. గిట్టని పనిని పదునైదేండ్లు చేసినాడు. పెనంలో గ్రుడ్డట్టు తిరగవేసినా దేవుని మీది ప్రేమతోనే తిరగవేస్తానన్నాడట. వంటింటి రణగొణధ్వనిలో ఇద్దరు ముగ్గురు ఒకేసారి అది తెమ్మనీ ఇది తెమ్మనీ అరుస్తున్నప్పుడు కూడా ప్రార్థనాసమయంలో ఉన్నంత ప్రశాంతంగా ఉండేవాడినని చెప్పుకొన్నాడు. మఠానికి ద్రాక్షసారాయం కొనుటకు దూరప్రాంతానికి పంపితే, పడవలో కుంటికాలితో నడువలేక పీపాల మీద దొర్లుకొంటూ పోయినాడు. కాలు మరీ చెడిన తరువాత వంటింటినుంచి మార్చి ఏ పని ఇచ్చినారనుకొన్నారు? మఠంలోని వారందరి చెప్పులు బాగుచేసే పని. ఆ సంప్రదాయం వారికి 'పాదరక్షలు విడిచినవారు' అని పేరు. విడిచినది బూట్లను మాత్రమే, చెప్పులు తొడిగేవారు. 1691లో ఆయన చనిపోయిన పిమ్మట ఆయన జాబులనూ, సంభాషణలనూ ఒక మతాధికారి సేకరించి ప్రకటించినాడు. చిన్న పొత్తం. ఒక్క సాయంత్రంలో చదువవచ్చును.

తెలుగువారికి నేరుగా సంబంధించిన చెప్పులవాడు విలియం కేరీ. 1761లో ఇంగ్లండులో ఒక పల్లెటూరి సాలెవాని ఇంట పుట్టి, బాల్యంలోనే ఒక చర్మకారునివద్ద పనికి కుదిరినాడు. ఆ కొట్టులోనే లాటిను, గ్రీకు వంటబట్టించుకొన్నాడు. తరువాత మోల్టన్ అనే గ్రామంలో బడి పెట్టినాడు. పిల్లలకు భూగోళం బోధించుటకు గోళం కొనే తాహతు లేక తోలుముక్కలు కుట్టి తానే ఒకటి చేసినాడని ప్రతీతి. పని గదిలో గోడకు కాగితాలు అతికించి పెద్ద ప్రపంచపటం తయారుచేసి, ఏ దేశంలో ఎందరు జనం, ఏ మతం అన్న వివరాలు అందులో గుర్తించుకొన్నాడు. చెప్పుకు అట్ట వేస్తూ తల ఎత్తితే ప్రపంచం కనబడేది. పాఠశాలోపాధ్యాయులకు ఈ కేరీ బాగా పరిచితుడుగా తోచవచ్చును. జీతం చాలక, బడి అయిన తరువాత రాత్రివేళ చెప్పులు కుట్టి వాటిని మూటగట్టుకొని పట్టణానికి తీసుకొనిపోయి ఇచ్చి, మళ్ళీ తోలు మోసుకొని వచ్చేవాడు.

1793లో ఆయన భారతదేశానికి వచ్చినాడు. వచ్చిన వెంటనే ఆయన కేవలం మతప్రచారకుడు కాలేదు. కొన్నేండ్లు వంగరాష్ట్రంలో నీలిమందు కర్మాగారం నడిపి ఆ జీతంతో సంసారం సాకినాడు. 1800లో శ్రీరాంపురం చేరి అచ్చుకూటం పెట్టించినాడు. 1801నుంచి కలకత్తాలోని ఫోర్టు విలియం కళాశాలలో బోధకుడు. 1812 మార్చిలో ఆ అచ్చుకూటం తగులబడి ఎన్నో వ్రాతప్రతులు, అచ్చు అక్షరాలు బూడిద అయినవి. మరల మొదలుపెట్టినారు. రెండేండ్లకు, 1814లో ఆయన తెలుగు వ్యాకరణం ఇంగ్లీషులో వెలువడినది. 1818లో తెలుగు క్రొత్త నిబంధన అచ్చయినది. తెలుగుదేశంలో కాపురముండని మనిషి, తెలుగు పండితుల సాయంతో చేసిన పని అది. భాషాదృష్టితో చూస్తే ఆ అనువాదం నిలువలేదు. తరువాతివారు మరల మరల చేయవలసివచ్చినది. నా దృష్టిలో అది ఆయనకు తక్కువ కాదు. తనకు ప్రతిభ ఏమీ లేదనీ, విసుగు లేకుండా ఈడ్చుకొనిపోవడం మాత్రం చేతనవుననీ ఆయన తన్ను గూర్చి చెప్పుకొన్నాడు. ఒక విందులో ఎవరో దొర ఎత్తిపొడుపుగా, ఈయన మునుపు బూట్లు కుట్టేవాడట కదా అంటే, కాదండి, పాత చెప్పులు బాగుచేసేవాడిని మాత్రమే అన్నాడని ఒక కథ ఉన్నది.

ఇంతవరకు చదివి, మా విద్యార్థికి జవాబు దొరికినదనుకొన్నాను. కాని దొరకలేదు. లారెన్సు మఠంలో తానై చేరినాడు. కేరీ కొట్టు విడిచి బడికీ, బడి విడిచి ఓడకూ పోయినాడు, ఎవరూ అడ్డగించలేదు. మా విద్యార్థి తాత ఎక్కడికి పోగలడు?

పిలుపు సిద్ధాంతంలోని చీకటి మూల ఇది. లూథరే ఇందుకు సాక్షి. 1525లో జర్మను రైతులు తమను దాస్యంనుంచి విడిపించమని తిరుగబడినప్పుడు, ఎవరి స్థితిలో వారుండవలెనని చెప్పి ప్రభువుల పక్షం వహించినాడు. ఐదేండ్ల క్రిందట రైతును యాజకుడన్న కలమే అది. మన స్వధర్మసిద్ధాంతాన్ని గూడ ఇదే విధంగా, ఎక్కడివారిని అక్కడే కట్టివేయుటకు వాడుకొన్నవారున్నారు. ఉన్నచోటనే ఉండి దేవుని సేవించు అన్న మాట మేడ మీదివానికి వినయం నేర్పుతుంది. గోతిలో ఉన్నవానికి అదే మాట మూతగా పడుతుంది.

పౌలు లేఖ మళ్ళీ తీసినాను. ప్రతివాడూ తాను పిలువబడిన స్థితిలోనే ఉండవలెనని చెప్పిన అధ్యాయం అది. ఆ వెంటనే, దాసునిగా పిలువబడితే చింతపడవద్దు, కాని స్వతంత్రుడవయ్యే వీలుంటే అన్న వాక్యం ఉన్నది. గ్రీకు మూలంలో ఆ వాక్యం అసంపూర్ణం. వినియోగించుకో అన్నాడే గాని దేనిని అన్నది చెప్పలేదు. దాస్యాన్నా, స్వేచ్ఛనా అని వ్యాఖ్యాతలు వాదించుకొన్నారు. తెలుగు అనువాదం స్వేచ్ఛ వైపే మొగ్గినది. తెలుగు పండితునిగా నాకు ఒకింత గర్వమే కలిగినది.

అయితే అసలు జవాబు గ్రీకులో లేదు, ఒంగోలులో ఉన్నది. 1866లో అక్కడ కాపురం పెట్టిన జాన్ క్లౌ అనే అమెరికను మిషనరీ కాలంలో బాప్తిస్మం పొందిన తొలివారిలో యర్రగుంట్ల పేరయ్య ఒకడు. మాదిగ కులస్థుడు, తోళ్ళ వర్తకుడు. అంతకు మునుపే గురువుల శిష్యరికం చేసి యోగసాధన ఎరిగినవాడు. పేరయ్య ద్వారా ఊరూరా మాదిగపల్లెలకు ఆ బోధ పాకినది. క్లౌ వారిని తన బంగళా చుట్టూ చేర్చుకొనక, ఎవరి ఊళ్ళో వారినే ఉండనివ్వవలెననుకొన్నాడు. చెప్పులు కుట్టేవారు చెప్పులే కుట్టినారు. కపిలబావికి తోలుబానలు చేసేవారు బానలే చేసినారు. అయితే మూడు నియమాలు పెట్టినాడు: ఆదివారం పని చేయరాదు, చచ్చిన గొడ్డు మాంసం తినరాదు, విగ్రహాలను పూజించరాదు.

వినుటకు ఇవి మతాచారాలవలె ఉన్నవి. ఊరి వ్యవస్థకు మాత్రం ఇవి గొడ్డలిపెట్టు అయినవి. ఊరి మాదిగకు కళ్ళంలో మేర ఉన్నది. ఆ మేరకు బదులుగా ఏ రోజు పిలిస్తే ఆ రోజు రావలె, అమ్మవారి జాతరలో డప్పు కొట్టవలె. ఏడు రోజులకొక రోజు రానన్నవాడూ, జాతరకు డప్పు కొట్టనన్నవాడూ అంతవరకు ఎవరూ చూడనివాడు. కరణాలూ, పెత్తనదార్లూ ఊరుకోలేదు. బావులవద్దకు రానీయలేదు, దొంగతనాలు అంటగట్టినారు, కొందరిని జైలుకు పంపించినారు. అయినా వారు ఆదివారం రాలేదు.

ఈ పుట చదివినప్పుడు నేను పుస్తకం మూసి కొంతసేపు కూర్చుండిపోయినాను. వారు తోలుపని మానలేదు. వారు మొట్టమొదట నేర్చుకొన్నది రాను అనే మాట. ఆ ఒక్క రోజు పైన వారికి హక్కు వచ్చిన తరువాత తక్కిన ఆరు రోజుల పని గూడ మరొక విధంగా కనబడి ఉంటుంది. అంతవరకు వారిని పిలిచినది ఊరు. ఊరి పిలుపునకూ దేవుని పిలుపునకూ తేడా ఉన్నదని బైబిలు చదువనేరని వారు ముందుగా తెలుసుకొన్నారు.

1876నుంచి 1878 వరకు దక్షిణదేశాన్ని పీడించిన మహాక్షామం నాటి సంగతి కూడా చెప్పవలె. క్లౌ యౌవనంలో అమెరికాలో మిన్నెసోటా ప్రాంతపు సర్వే బృందంతో పనిచేసినాడు. మతబోధకు వచ్చిన తరువాత ఆ విద్యతో ఇక పనిలేదనుకొని ఉంటాడు. కరువు వచ్చినప్పుడు అదే అక్కరకు వచ్చినది. ప్రభుత్వం త్రవ్విస్తున్న బకింగుహాం కాలువలో సుమారు మూడున్నర మైళ్ళ భాగాన్ని ఆయన గుత్తకు తీసుకొన్నాడు. ఇతర పనిచోట్ల అంటరానివారిని మేస్త్రీలు పెట్టే హింస ఆయనకు తెలుసును. తన చోట బోధకులనే మేస్త్రీలను చేసినాడు. వేలమంది తట్టా పారా పట్టుకొని మన్ను మోసినారు; కూలి ముట్టినది. మధ్యాహ్నం విడుపులో బోధకులు వారి నడుమ కూర్చుండి, భారము మోయువారిని రమ్మని పిలిచిన క్రీస్తు వచనం చెప్పేవారట. నిజంగానే నెత్తిన తట్టలున్నవారికి ఆ వచనం ఎట్లు వినబడినదో మనం ఊహించలేము.

కరువు సాగినన్నాళ్ళు క్లౌ ఒక్కరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. కూటికొరకు వచ్చినారన్న మాట పడరాదని సుమారు పదునైదు నెలలు ఆపివేసినాడు. సాయం ఇక లేదని చెప్పి పంపిన తరువాత కూడా జనం వచ్చినారు. 1878 జూలై 3వ తేదీన గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి వద్ద ఒక్కరోజున 2222 మంది బాప్తిస్మం పొందినారు. ఇచ్చినవారు తెలుగు బోధకులే. క్లౌ భార్య ఎమ్మా తరువాత ఆ వృద్ధుల నోటినుంచి వారి కథలు విని, 1899లో ఇంగ్లీషున ఒక గ్రంథం ప్రకటించినది. దాని పేరుకు తెలుగు చెప్పవలెనంటే 'చెప్పులు కుడుతూ కుడుతూ' అనవచ్చును.

నెలలు గడిచిన తరువాత ఒకనాడు ఆ విద్యార్థిని నా గదికి పిలిచి, ఇదంతా చెప్పినాను. "మీ తాతను ఆ పనికి పిలిచింది దేవుడు కాదు నాయనా, ఊరు. ఈ మాట నేను కాదు, చట్టమే చెప్తోంది" అన్నాను. అంటరానితనం పేరిట ఎవరిచేతనైనా బలవంతంగా కళేబరాలు మోయించినా, తోళ్ళు ఒలిపించినా నేరమని 1976లో పౌరహక్కుల రక్షణచట్టంలో చేర్చినారు. ఆ పుట కూడా తీసి చూపినాను.

అతడు శ్రద్ధగా చదివినాడు. కొంతసేపు ఏమీ అనలేదు.

"గొడ్లు మొయ్యడం మానేశాక కూడా మా తాత చెప్పులు కుట్టేవాడండీ," అన్నాడు చివరకు. "ఎవరూ కుట్టమనకపోయినా కుట్టేవాడు. తంగేడు చెక్కతో తనే తోలు ఊనుకొనేవాడు. ఆ చెప్పులు మూడేళ్ళు వచ్చేవని ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకొంటారు."

"ఆయన పనిముట్లు ఉన్నాయా?"

"ఆరె, రంపె ఉన్నాయండీ. మా నాన్న వాటిని పారెయ్యనివ్వలేదు. నన్ను ముట్టుకోనివ్వలేదు."

ఈసారి వచ్చినప్పుడు వాటిని చూపమని అడిగినాను. తండ్రిని అడిగి చెప్తానన్నాడు.